కిటికీ అవతల ఆకుపచ్చ

ఢిల్లీ నుంచి చికాగో వెళ్లే విమానం. చలికాలం, కింద ఎక్కడో గ్రీన్‌లాండ్. లోపలి వెలుతురు పడకుండా దుప్పటి ముసుగేసుకుని కిటికీకి నుదురు ఆనించాను. మొదట పల్చటి మబ్బనుకున్నా. కాసేపటికి కదిలింది, దండెం మీద ఆరేసిన చీర గాలికి ఊగినట్టు.

కంటికి బూడిద రంగే. ఫోన్‌లో మాత్రం పచ్చగా పడింది. ఏది నమ్మాలి?

అది అరోరా, ధ్రువకాంతి. సూర్యుడు విసిరిన రేణువుల తాకిడికి ఆక్సిజన్ వెలిగితే వచ్చే రంగది, 100 కిలోమీటర్ల పైన. మేమేమో 11 దగ్గరే! ఇంత పైకెక్కినా తలెత్తే చూడాలి.

పక్క సీటు మామ్మగారిని లేపాను. "తెల్లారిందా నాయనా?" అని మళ్లీ పడుకున్నారు.

2024 మేలో మన లద్దాఖ్‌లోని హాన్లేలోనూ అరోరా ఎర్రగా కనబడింది. చలికాలంలో చికాగో వైపు వెళ్లేవారు రెక్క అడ్డురాని కిటికీ సీటు అడగండి.