ఎడమకాలి చదువు

మా హోసూరులో 1980లో రెండు రకాల బండ్లు పుట్టడం మొదలైంది. ఒకటి టీవీఎస్ 50. దానికి మార్చే గేర్లు లేవు, పట్టే క్లచ్చి లేదు. పెడలు తొక్కి పిడి తిప్పితే పోతుంది. రెండోది అశోక్ లేలండ్ లారీ. దాన్ని తోలేవాడికి పొద్దున లేచింది మొదలు గేర్లతోనే కాపురం. ఈ రెండు ఫ్యాక్టరీల నీడన పెరిగిన మా తరానికి గేరు బండి, గేరు లేని బండి అనే మాటలు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవి కావు, వీధిలో అబ్బినవి. సంబంధం చూడటానికి వచ్చిన పెద్దలు పిల్లవాడు గేరు బండి తోలతాడా అని ఆరా తీయడం కూడా నేను విన్నాను. తోలతాడంటే మగవాడైనాడని అర్థం.

గేరు లేని బండిని చులకన చేసి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. టీవీఎస్ 50 చేసిన పని ఏ క్లచ్చీ చేయలేదు. పసరిక మోపు, పాలక్యాను, పూలగంప, సంతలో కొన్న రెండు కోళ్లు, వెనక ఒక ముసలవ్వ, ఇన్నింటినీ పెట్టుకుని పోయింది అదే. మా పల్లెల్లో ఆడవాళ్లు మొదట తోలిన ఇంజను బండి అదే. అందులోనూ క్లచ్చి లేకపోలేదు. ఇంజను వేగం పెరిగేకొద్దీ లోపలి దిమ్మలు తమంత తామే విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెను పట్టుకుంటాయి, వేగం తగ్గితే వదిలేస్తాయి. మనిషి చేయాల్సిన పనిని తిరుగుడే చేస్తుందన్నమాట. ఆటోమేటిక్కు అనే మాట మా వైపు రాకముందే ఆటోమేటిక్కు మా ఇండ్ల ముందర నిలబడి ఉంది.

కార్ల సంగతికి వస్తే కథ వేరు. అమెరికాలో జనరల్ మోటార్సు వాళ్లు 1939లోనే ఎడమకాలికి పని లేని గేరుబాక్సును ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టి అమ్మకానికి తెచ్చారు. అక్కడ క్లచ్చి తొక్కడం ఎరగని తరాలు పుట్టి ముసలివైనాయి కూడా. మన దేశంలో చాలాకాలం అది ఉన్నవాళ్ల సరుకు. ధర ఎక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతుందని భయం, చెడిపోతే బాగుచేసేవాడు దొరకడని ఇంకో భయం. 2014లో మారుతీ వాళ్లు సెలేరియోలో తక్కువ ధర ఆటోమేటిక్కు తెచ్చిన తరువాత సంగతి మారింది. ఆ రకం బండిలో ఉన్నది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్చి పలకలే. క్లచ్చి తొక్కేదీ గేరు మార్చేదీ మాత్రం మన కాలూ చెయ్యీ కాదు, ఒక చిన్న యంత్రం. మా మేనకోడలు కొన్నది ఇటువంటి కారే.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో మోటారు సైకిలుకు గేరున్నది, గేరు లేనిది అని రెండు తరగతులు పెట్టారు. కారుకు ఆ విభజన లేదు. తేలిక వాహనం అంటే తేలిక వాహనమే. ఇంగ్లండులో ఆటోమేటిక్కు కారు మీద పరీక్ష పాసైనవాళ్లు ఆటోమేటిక్కే తోలాలి; గేరు కారు తోలాలంటే మళ్లీ పరీక్షకు పోవాలి. మన దగ్గర మా మేనకోడలి వంటి పిల్ల ఏ కారు మీద నేర్చుకున్నా తెల్లారి గేరు కారులో కూర్చుంటే అడ్డం చెప్పే కాగితం లేదు. చట్టం అడగని ప్రశ్న ఇంటివాళ్లే అడగాలి.

మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది కాలం. చెల్లెలి ఇల్లు కెలవరపల్లి డ్యాముకు దగ్గర. బావకు రోజాపూల తోట. పూలు హోసూరు మార్కెట్టుకు వేసుకుపోవడానికి ఒక డీజిలు పికప్పు. మేనకోడలు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తూ రోజూ ఇంటినుంచే పోయివస్తుంది. రెండేండ్ల కిందట ధనుర్మాసంలో ఒక రాత్రి రెండు గంటలకు బావకు గుండెలో నొప్పి వచ్చింది. పిల్ల కారు ఆ పొద్దు సర్వీసుకు పోయి ఉంది. పికప్పు వాకిట్లోనే, పూలమూటలు ఎక్కించి, తాళంచెవి దానికే ఉంది. పిల్ల ఎక్కి కూర్చునింది. మూడుసార్లు స్టార్టు చేసింది, మూడుసార్లూ బండి ఎగిరిపడి ఆగిపోయింది. చెల్లెలు చీకట్లో పరుగెత్తి నాలుగిండ్ల అవతల ఉన్న పిల్లవాడిని లేపుకొచ్చేసరికి ఇరవై నిమిషాలు. రక్తనాళంలో అడ్డు పడిందన్నారు, దాన్ని తీసేశారు, మనిషి దక్కినాడు. కానీ ఆ ఇరవై నిమిషాలు ఆ పిల్ల మనసులోంచి పోలేదు. "ఐదేండ్లుగా కారు తోల్తా ఉండాను మామా, వాకిట్లో ఉండే బండి తొయ్యలేకపోతిని" అనింది. ఆ పికప్పు మీదనే నేర్పమని అడిగింది.

నాకు నేర్పినాయన లేలండ్ లారీ డ్రైవరు. వరస కలుపుకుని చిన్నాయనా అనేవాణ్ణి. నేర్చుకున్నది అంబాసిడరు మీద. స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, కిందికీ పైకీ, ముందుకూ వెనక్కూ. మూడు రోజులు ఇంజనే వేయనియ్యలేదు. చెప్పులు విప్పించి ఉత్తకాలితో క్లచ్చి తొక్కించి వదిలించినాడు. నాలుగో దినం ఇంజను వేసి, "చూడొద్దు అబ్బయా, విను" అన్నాడు. ఎన్ని కిలోమీటర్ల వేగానికి ఏ గేరు అని ఒక్కనాడూ చెప్పలేదు. ఇంజను అరుస్తుంటే పై గేరు, మూలుగుతుంటే కింది గేరు, అంతే ఆయన పాఠం. ఆయన తోలిన పాత లారీల్లో పళ్లచక్రాల వేగాన్ని సమం చేసే సింక్రోమెష్ ఏర్పాటు ఉండేది కాదు. అమెరికాలో కాడిలాక్ కార్లలో 1928లోనే వచ్చింది గానీ మన లారీలదాకా రావడానికి చాలాకాలం పట్టింది. అందుకని గేరు దించాలంటే క్లచ్చి తొక్కి న్యూట్రలుకు తెచ్చి, క్లచ్చి వదిలి, ఇంజనును కాస్త లేపి, మళ్లీ క్లచ్చి తొక్కి గేరు వేయాలి. చెవి తప్పితే గరగరమని ఊరంతటికీ వినపడుతుంది. అటువంటి బడిలో చదివిన మనిషికి అంబాసిడరు ఆటబొమ్మ.

ఇంకో మాట. ఆయన నాతో తెలుగులో, క్లీనరుతో తమిళంలో, అత్తిబెలె చెక్‌పోస్టులో కన్నడంలో మాట్లాడేవాడు. కానీ క్లచ్చి, గేరు, న్యూట్రలు, టాపు, రివర్సు, ఇవి మూడింటిలోనూ అవే. ఒకటి అన్నా, ఒణ్ణు అన్నా, ఒందు అన్నా మొదటి గేరుకు సమ్మతమే. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక పిల్లల తెలుగు చదువు కోసం కోర్టుల మెట్లెక్కిన ప్రాంతం మనది. భాష గొడవ లేని చోటు ఒకటైనా ఉందంటే అది గేరుబాక్సే. అది సరే.

క్లచ్చి అంటే ఏమిటో మేనకోడలికి చెప్పడానికి నాకు కాడెద్దు పనికొచ్చింది. ఒక పలక ఇంజనుతో తిరుగుతూ ఉంటుంది, రెండోది గేరుబాక్సు వైపు కదలకుండా ఉంటుంది. తొక్కితే విడిపోతాయి, వదిలితే కలుస్తాయి. ఒక్కసారిగా వదిలితే తిరిగేదాన్ని తిరగనిది పట్టి ఆపేస్తుంది. ఆ రాత్రి మూడుసార్లు జరిగింది అదే. బరువు బండికి కట్టిన ఎద్దు ఎట్లా కదులుతుంది? ముందు మెడ కాడికి ఆనిస్తుంది. పట్టెడ బిగుసుకుంటుంది, నొగ కిర్రుమంటుంది, బండి ఇంకా కదలదు. ఆ తరువాత అడుగు పడుతుంది. క్లచ్చిలో ఆ ఆనుకునే జాగా ఒకటుంది. అక్కడ ఇంజను గొంతు కొంచెం దిగుతుంది, బండి ముక్కు రవంత లేస్తుంది, అరికాలికి సన్నగా వణుకు తెలుస్తుంది. హాఫ్ క్లచ్చి అనేది దాన్నే. ఆ జాగా దొరికినవాళ్లకు మిగతా చదువంతా అభ్యాసమే. దొరకనివాళ్లు ఏండ్లకేండ్లు బండిని కుదిపి కుదిపి తోలుతుంటారు.

డ్రైవింగు స్కూళ్లలో ఇది దొరకడం కష్టం. నేర్పేవాడి కాళ్ల కింద కూడా క్లచ్చీ బ్రేకూ ఉంటాయి. ట్రాఫిక్కులో బండి ఆగిపోతుందని వాడికి భయం, వెనక ఇంకో పిల్ల కాచుకుని ఉందని తొందర. మన కాలితోబాటు వాడూ తొక్కుతాడు. ఇరవై దినాల తరువాత సర్టిఫికెట్టు మనకు, చదువు వాడి ఎడమకాలికి.

ఆదివారాలు తెల్లవారుజామున డ్యాం కట్ట కింది మట్టిదారిలో మొదలుపెట్టాము. దక్షిణ పినాకినిలో బెంగుళూరు మురుగు కలిసి వస్తుంది గనుక గేట్లెత్తినప్పుడు నురగ దూదిగుట్టల్లా లేచి కింది దారిని కప్పేస్తుంది. అటువంటి దినాల్లో సెలవు. మిగతా దినాల్లో ఆ దారికి మేకలు తప్ప పోటీ లేదు. డీజిలు బండితో ఒక సౌకర్యం ఉంది. యాక్సిలరేటరు ముట్టుకోకుండా క్లచ్చి మెల్లగా వదిలితే చాలు, చదరమైన నేల మీద తనే పాకుతుంది. కుడికాలిని కట్టేసినట్టు పక్కన పెట్టించి, ఎడమకాలొక్కదానితో బండిని కదిలించడం, ఆపడం, మళ్లీ కదిలించడం. రెండు ఆదివారాలు ఇదే. మొదట పిల్ల కాగితం తెచ్చింది, ఏ వేగానికి ఏ గేరో పట్టిక రాసుకోవడానికి. కంప్యూటరు చదువు కదా. కాగితం జేబులో పెట్టించి కిటికీ అద్దం దించమన్నాను. మూడో ఆదివారం తనంతట తనే "అరస్తా ఉండాది మామా" అని రెండో గేరు వేసింది.

ఇదంతా చదివి నేను ఆటోమేటిక్కుకు పగవాణ్ణి అనుకోవద్దు. నాలుగేండ్లుగా నేను తోలేది అదే. బెంగుళూరు పోయే ఏడో నంబరు రోడ్డు నలభైనాలుగో నంబరు అయింది గానీ దాని నసుగుడు పోలేదు. అత్తిబెలె దాటినప్పటినుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా తొక్కు, వదులు, తొక్కు, వదులు. ఎడమ మోకాలిలో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఎక్స్‌రే చూపించినాక క్లచ్చికి నమస్కారం పెట్టేశాను. ఎడమకాలు లేనివాళ్లూ, పోలియో వచ్చినవాళ్లూ, పక్షవాతంతో ఎడమపక్క చచ్చుబడి తేరుకున్నవాళ్లూ డాక్టరు సరేనంటే తోలగలిగేది ఈ బండే. వాళ్ల ముందర గేరు గొప్పలు పోవడం మర్యాద కాదు.

కానీ ఈ బండికీ నేర్పాల్సిన చదువు ఉంది. దాన్ని ఎవరూ నేర్పడం లేదు. కొత్తలో నా ఎడమకాలు క్లచ్చి కోసం వెదికేది. అక్కడ దానికి తగిలేది వెడల్పాటి బ్రేకు పెడలు. క్లచ్చి తొక్కే బలంతో బ్రేకు తొక్కితే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. అందుకని ఎడమకాలిని వెనక్కు లాగి మడమను నేలకు ఆనించి పెట్టుకోవడం ముందు నేర్చుకోవాలి. కడ్డీ డీలో ఉన్నప్పుడు బ్రేకు మీద కాలు తీస్తే ఇటువంటి బండ్లు చాలామటుకు తమంత తామే పాకుతాయి. వాకిట్లో పిల్లలుండే ఇండ్లలో ఇది గుర్తుండాలి. గేరు బండి చేతకానివాడి కింద ఆగిపోతుంది, ఇది ఆగిపోదు.

ఇంకా పెద్దది దిగుడు. ధర్మపురి దాటి సేలం పోయే దారిలో తొప్పూరు కనుమ ఉంది. ఆ పేరు వింటే లారీలవాళ్ల ఇండ్లలో ఆడవాళ్లు దేవుడి పటంవైపు చూస్తారు. డీజిలు మిగులుతుందని బండిని న్యూట్రలులో వదిలి దించడం అక్కడి ప్రమాదాల్లో చాలావాటికి మూలం. గేరులో ఉన్న బండిని దిగుడులో ఇంజనే వెనక్కు పట్టి లాగుతుంది. న్యూట్రలులో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకు మీద పడుతుంది. బ్రేకు వేడెక్కి వేడెక్కి కడకు పట్టదు. చిన్నాయన పాఠం, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఆటోమేటిక్కు కారులోనూ దానికి దారి ఉంది. కడ్డీని ఒకటికో రెండుకో ఎల్‌కో తెచ్చి, లేదా చేత్తో మార్చుకునే వైపుకు తోసి, కింది గేరులో నిలపవచ్చు. మా మేనకోడలి కారులో ఆ ఏర్పాటు ఉంది. ఐదేండ్లలో ఒక్కనాడూ వాడలేదట. ఎందుకుందో చెప్పినవాళ్లు లేరు. బండిని పట్టుకుని ఉన్నది బ్రేకా, ఇంజనా అనేది ఒకసారి గేరు బండిలో అరికాలితో తెలుసుకున్నవాళ్లకు ఆ కడ్డీ మీది అక్షరాలు తెలుగులో రాసినట్టే కనపడతాయి.

అందుకే నన్నెవరైనా అడిగితే, కాలు బాగుండేవాళ్లు నేర్చుకునేది గేరు బండి మీద నేర్చుకోండి, కొనేది మీ మోకాలినీ మీ రోడ్డునూ చూసి కొనుక్కోండి అంటున్నాను. ఇది ఎన్నాళ్లు చెల్లుతుందో మరి. 2021 నుంచి హోసూరులో ఏథర్ వాళ్లు, పోచంపల్లిలో ఓలా వాళ్లు కరెంటు స్కూటర్లు చేస్తున్నారు. మార్చే గేరు లేదు, క్లచ్చి లేదు, వినడానికి ఇంజను గొంతు కూడా లేదు. కరెంటు పికప్పులు మా పూలతోటల వాకిండ్లలో నిలబడేనాటికి మా మేనకోడలి పిల్లలు ఈ వ్యాసం చదివి నవ్వుకోవచ్చు. ఈలోపల రాత్రి రెండు గంటలకు ఊళ్లో దొరికేది డీజిలు బండే.

ఇప్పుడు ఆదివారం మార్కెట్టుకు పూలు వేసుకుపోయేది పిల్లే. నాలుగు గంటలకు బయలుదేరతారు. బావ పక్కన కూర్చుంటాడు, నోరు మెదపకూడదని మొదటి దినమే ఒప్పందమైంది. నోరు మెదపడు గానీ పిల్ల గేరు మార్చే ప్రతిసారీ తన ఎడమకాలితో పికప్పు నేలను గట్టిగా తొక్కుతాడు. ఎత్తు మీద ఆపి, వెనక్కు జారకుండా ఎత్తే చదువు ఒకటి మిగిలి ఉంది. దానికి చంద్రచూడేశ్వరుని కొండదారి మంచిది. వానలు తగ్గనీ, ఒక పని దినాన జనం లేనప్పుడు పోదాము అన్నాను.