బండిలో బిడ్డ ఎటు చూడాలి?

చంటిబిడ్డను కూర్చోబెట్టి తోసుకుపోయే బండి మనకు కొత్త. మా హోసూరు సందుల్లో అది ఇప్పటికీ అరుదే. కాలువ మీద పరచిన రాతిపలకలు, అడ్డంగా పడుకున్న ఆవులు, ఇంటి ముందర నిలిపిన మోటారు సైకిళ్లు, వీటి నడుమ ఆ చిన్న చక్రాలకు దారెక్కడ? అదే బెంగుళూరు అపార్టుమెంట్లలో అయితే సాయంకాలం ఐదున్నర దాటితే చాలు, లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక బండి బయటికొస్తుంది. కొన్నింటిలో బిడ్డ తోసేవాళ్ల వైపు తిరిగి కూర్చుంటుంది. ఎక్కువ బండ్లలో వాళ్లకు వీపు పెట్టి, లోకం వైపు చూస్తూ కూర్చుంటుంది.

ఎటు కూర్చోబెట్టాలన్నది మా ఇంట్లో కొన్ని నెలలుగా నడుస్తున్న తగవు. మనవరాలి బండి సీటును ఎత్తి ఎటైనా తగిలించుకోవచ్చు కాబట్టి తగవుకు వీలు కూడా కుదిరింది. "లోకం చూడొద్దా అత్తా? ఎంతసేపూ మన ముఖాలే చూస్తూ కూర్చుంటే ఏం నేర్చుకుంటుంది?" అంటుంది కోడలు. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. చెట్టు, పిల్లి, నీళ్లగొట్టం, సైకిలు తొక్కే పెద్దపిల్లలు, అన్నీ కళ్లు విప్పార్చి చూస్తుంది పాప. ఏడుపన్నది మరిచిపోతుంది. "మన ముఖం కనబడకపోతే మన మాట ఎట్లొస్తుందమ్మీ?" అన్నది నా ప్రశ్న. వినడానికి చిన్న సంగతే. అయినా నాలుగు భాషల నడుమ బిడ్డను పెంచే మనబోటివాళ్లకు ఇది చిన్నది కాదనిపించి, దీని గురించి కాస్త చదివాను, కాస్త ఆలోచించాను.

ఈ ప్రశ్న పాతదే. 1889లోనే అమెరికాలోని బాల్టిమోరులో విలియం రిచర్డ్‌సన్ అనే ఆయన రెండు వైపులా తిప్పుకోగల పిల్లల బండికి పేటెంటు పొందాడు. అంటే అప్పటికే తల్లులు ఈ మాట అనుకుంటున్నారన్నమాట. తరువాత 1965లో ఇంగ్లండులో ఓవెన్ మెక్లారెన్ అనే విమానాల ఇంజనీరు గొడుగులా మడిచే బండిని తయారు చేశాడు. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన మనిషి. మనవరాలిని తిప్పడానికి కూతురు పడే అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో మూడు కిలోల బరువు కూడా లేని బండిని కూర్చాడు. బస్సెక్కాలన్నా, మెట్లు దిగాలన్నా తల్లికి ఎంతో సుళువైంది. కానీ ఆ బండిలో బిడ్డ ముఖం ముందుకే. అలాంటివే లోకమంతా పాకాయి. బిడ్డ ఎటు చూడాలన్నది అక్కడ తల్లి తేల్చింది కాదు, బిడ్డ అడిగింది కాదు. మడతకు ఏది వీలైతే అదే అయింది.

2008లో స్కాట్లండులోని దండీ విశ్వవిద్యాలయంలో సుజాన్ జీడిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు దీన్ని పరిశీలించింది. బ్రిటన్ వీధుల్లో 2,722 మంది పెద్దలూ పిల్లలూ వెళుతుంటే గమనింపజేసింది. తమవైపు చూసే బిడ్డతో పెద్దలు మాట్లాడటం, అటు చూసే బిడ్డతో కంటే రెండింతలకు పైగా ఉందట. ఇంకో పరీక్షలో ఇరవై మంది పిల్లలను రెండు విధాల బండ్లలోనూ తిప్పి చూశారు. తల్లి వైపు ఉన్నప్పుడు సగం మంది నవ్వారు, అటు తిరిగి ఉన్నప్పుడు ఒక్కరే నవ్వారు. ఇరవై అంటే చిన్న లెక్కే. దాన్నిబట్టి శాసనం రాయక్కర్లేదు. కానీ మొదటి సంగతికి పరిశోధన లేకపోయినా పొద్దున నాలుగడుగులు నడిచిన ఎవరికైనా తెలుస్తుంది. కళ్లు కలిస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కనబడేది వెనకతల మాత్రమే అయితే ఎంత ముద్దొచ్చే బిడ్డయినా మాట తగ్గుతుంది.

మరి లోకం చూడటం మాటేమిటి? దానికి 1985లో అమెరికాలో జరిగిన ఒక పరీక్ష నాకు మంచి జవాబుగా తోచింది. ఒక బల్ల మీద గట్టి గాజుపలక పరిచారు. కొంత దూరం తరువాత గాజు కింద అడుగు లోతున పల్లం కనబడుతుంది. పడే ప్రమాదం లేదు, పల్లం మాత్రం కంటికి ఉంది. ఏడాది వయసు పిల్లలను ఒక చివర వదిలి, తల్లిని అవతలి చివర నిలబెట్టారు. పాకుతూ వచ్చిన బిడ్డ ఆ అంచున ఆగి తల్లి ముఖం చూస్తుంది. తల్లి నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటి వచ్చేశారు. తల్లి భయంగా ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. బిడ్డ ముందు లోకాన్ని చూస్తుంది, వెంటనే తల్లి ముఖం చూస్తుంది. ఆ ముఖంలో లోకానికి అర్థం వెదుక్కుంటుంది. రెంటిలో ఏది కావాలని అడగడంలోనే చిక్కుంది. బిడ్డకు రెండూ కావాలి, ఒకదాని వెంట ఒకటి కావాలి.

ఆ రెండూ దొరికే చోటు మన ఆడవాళ్లకు అనాదిగా తెలుసు. అది చంక. చంకనెక్కిన బిడ్డ నడుముకు అటూ ఇటూ కాళ్లు వేసి వాలుగా కూర్చుంటుంది. తల ఒక వైపు తిప్పితే అమ్మ చెంప, ఇంకో వైపు తిప్పితే వీధి. కుక్క మొరిగితే అటు చూసి, మరుక్షణం అమ్మ మెడలో ముఖం దాచుకుంటుంది. కాస్త పెద్దయ్యాక నాన్న భుజాల మీదికెక్కుతుంది. మా ఊరి చంద్రచూడేశ్వరుడి తేరు నాడు చూడాలి, జనం తలల పైన ఇంకో వరుస పిల్లల తలలు! అక్కడ బిడ్డ చూపంతా లోకం మీదే. అయినా నాన్న జుట్టు గుప్పిట్లోనే ఉంటుంది, "అదిగో తేరు, దండం పెట్టు" అన్న మాట కిందినుంచి వినబడుతూనే ఉంటుంది. బండిలో బయటికి చూసే బిడ్డకు ఆ ఎత్తూ లేదు, ఆ స్పర్శా లేదు. ఎదురుగా కనబడేవి మోకాళ్లూ, కార్ల పొగగొట్టాలూ.

అట్లని చంకే శరణ్యం అనను. ముగ్గురు పిల్లలను మోసిన నడుము నాది, దాని సంగతి నాకు తెలుసు. పగలంతా ఆఫీసులో కుర్చీకి అతుక్కుని వచ్చిన పిల్లను పది కిలోల బిడ్డను చంకనేసుకుని తిరగమనడం అన్యాయం. బండి రావలసిందే, వచ్చింది. నేనడిగేది ఆ సాయంకాలపు అరగంట గురించి.

మా మనవరాలి రోజును చూడండి. పగలు చూసుకునే ఆయమ్మ కన్నడంలో మాట్లాడుతుంది, మంచి మనిషి. కింద ఆడుకునే పిల్లలది హిందీ, ఇంగ్లీషు. అమ్మానాన్నల ఫోన్లలో వినబడేది ఇంగ్లీషు. గోడ మీద వాలిన కాకి ఒకరికి కాగె, ఒకరికి కౌవా, ఒకరికి క్రో. హోసూరు వస్తే పక్కింటివాళ్లకు కాక్కా. అన్నీ రానీ, నాకు ఆనందమే. ఊరి భాష రాకుండా ఊళ్లో ఎట్లా బతుకుతాం? కానీ అది కాకి కూడా అని చెప్పేవాళ్లు ఆ పిల్లకు ఇద్దరు ముగ్గురే ఉన్నారు. మిగిలిన భాషలను వీధి నేర్పుతుంది, బడి నేర్పుతుంది, బతుకు నేర్పుతుంది. తెలుగు మాత్రం మా నోటి నుంచి రావలసిందే. లోకం వైపు తిరిగిన బిడ్డకు లోకం తన భాషలో చెబుతుంది. మా వైపు తిరిగితేనే మా భాషలో మేం చెప్పగలం. తెలుగు గడ్డ మీద వీధి కూడా తెలుగే కాబట్టి అక్కడి తల్లికి ఈ బెంగ లేదు.

బడి మీద భారం వేద్దామంటే ఆ రోజులు పోయాయి. 2006లో తమిళనాడులో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి పాఠం చేస్తూ చట్టం వచ్చింది. ఏటా ఒక్కో తరగతి చొప్పున అది పైకి పాకేకొద్దీ మా పిల్లల తెలుగు ఓ మూలకు జరిగింది. నిజానికి మనవాళ్లలో ఎందరికో అంతకు ముందూ బడి లేదు. తమిళనాట వందల ఏళ్లుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, జాబు మాత్రం తమిళంలో రాసుకునే కుటుంబాలు ఎన్ని లేవు! అక్షరం లేకుండా అన్ని తరాలు భాష ఎట్లా నిలిచింది? ఒడిలోనూ చంకలోనూ నిలిచింది. షోలాపూరులో ఒక పక్క బీడీల చేట, ఒక పక్క బిడ్డను పెట్టుకున్న తల్లి ఏ పుస్తకం చూసి తెలుగు నేర్పింది? బువ్వ, జోజో, బూచి, తాయిలం వంటి మాటలు ఏ వాచకం పెట్టి నేర్పగలం? అవి ముఖం ఎదుట ముఖం ఉంటేనే పుడతాయి.

అందుకే నా తీర్పు ఇది. మాటలు వచ్చేదాకా బిడ్డ మన వైపే ఉండాలి. మాటలు కుదురుకుని, అది ఏమిటి, ఇది ఏమిటి అని అడగడం మొదలయ్యాక లోకం వైపు తిప్పవచ్చు. అప్పుడు అడగడానికి దానికి తెలుగు ఉంటుంది. ఆ తరువాత ఎలాగూ బండిలో కూర్చోదు. తమిళులు నడైవండి అనే మూడు చక్రాల కొయ్యబండిని తోసినట్టు, దీన్ని కూడా తనే తోస్తానంటుంది. కోడలు సగం ఒప్పుకుంది. పోయేటప్పుడు మా వైపు, వచ్చేటప్పుడు లోకం వైపు అని ఒప్పందం. సగమైనా మేలే అని ఊరుకున్నాను.

ఇంకొక్క మాట మిగిలింది. సీటు మన వైపు తిప్పినంత మాత్రాన పని అయిపోదు. ఆ అపార్టుమెంటు తోటలోనే చూస్తుంటాను, బిడ్డ తల్లి వైపు చూస్తూ ఉంటుంది, తల్లి చేతిలోని ఫోను వైపు చూస్తూ ఉంటుంది. అటువంటప్పుడు బిడ్డ లోకం వైపు తిరిగి ఉండటమే నయం, కాకైనా పలకరిస్తుంది. బరంపురంలో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, మీ బండి ఏ రకందైనా సరే, ఆ అరగంట ఫోను ఇంట్లో పెట్టి రండి. మధ్యమధ్య ఆగి, ముందుకు వచ్చి, బిడ్డ ఎదుట వంగి, అది చూస్తున్నదేమిటో తెలుగులో చెప్పండి.