పాల లెక్క పక్కన ఇంకో లెక్క

మా వంటింటి తలుపు వెనక వేలాడే క్యాలెండర్లో రోజూ పాల లెక్క రాస్తాను. పాత క్యాలెండర్లు పారేసినా 2022ది మాత్రం దాచాను. అందులో నవంబరు 16 నుంచి పాల అంకెల కింద పెన్సిలు గీతలున్నాయి. కుర్చీలోంచి లేవకుండా, ఎవరూ పిలవకుండా అరగంట పని జరిగితే ఒక గీత. కొన్ని గడుల్లో ఆరేడు ఉన్నాయి. కొన్నిట్లో ఒక్కటీ లేదు.

నేను పేరోల్ పని చేస్తాను. చిన్న కంపెనీల జీతాల షీట్లు, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, ఉద్యోగం మానేసినవాళ్ల ఫైనల్ సెటిల్‌మెంట్లు. ఎవరికి ఎంత రావాలో పైసలతో సహా చెప్పగలను. నాకెంత పోయిందో తెలుసుకోవడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

పాప 2019 నవంబరులో పుట్టింది. 26 వారాల ప్రసూతి సెలవు ముగిసేసరికి లాక్‌డౌన్ నడుస్తోంది, ఆఫీసే ఇంటికొచ్చింది. నిజాంపేటలో రెండు పడగ్గదుల ఫ్లాటు, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, మనవరాల్ని చూసి వెళ్దామని తెనాలి నుంచి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన అత్తయ్య. రెండేళ్లు అలా గడిచాయి. పిల్లని చూసుకోవడానికి మా పద్దులో ఒక్క రూపాయి ఖర్చు లేదు. అదేదో మా తెలివే అనుకున్నాం. ఆ రెండేళ్లలో పిల్లని ఎత్తుకుని తిప్పి అత్తయ్య మోకాళ్లు పాడయ్యాయి. ఆర్థోపెడిక్ డాక్టరుకి కట్టిన డబ్బుని 'వైద్యం' కింద రాశాను. అది ఏ పద్దులో రాయాల్సిందో ఇప్పుడు తెలుసు.

2022 ఏప్రిల్లో ఆఫీసుకి రమ్మన్నారు. అత్తయ్య అప్పటికి తెనాలి వెళ్లిపోయింది. వీధి చివర క్రెష్‌లో రోజంతా ఉంచుకుంటే నెలకి 5,000. ఒక పాత కవరు వెనక లెక్క వేశాను. చేతికొచ్చే జీతం 31,000. అందులో క్రెష్ తీసేశాను, ఆటో, మెట్రో 3,500 తీసేశాను, వంటకి మనిషిని పెడితే ఇంకో 2,500 తీసేశాను. 20,000 మిగిలింది. ఇరవై వేల కోసం పొద్దున ఎనిమిదికి పోయి రాత్రి ఏడింటికి రావాలా? రాజీనామా ఇచ్చేశాను.

ఆ కవరు ఇప్పటికీ ఉంది. అందులో ప్రతి ఖర్చూ నా జీతంలోంచే తీసేశాను. మా ఆయన జీతం ఆ కవరు మీద ఎక్కడా లేదు. అలా రాయమని ఎవరూ చెప్పలేదు, చేతిరాత నాదే.

అడగాల్సినవి కూడా అడగలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. పని అలాంటిదైతే, సెలవు తర్వాత ఇంటి నుంచి చేసే వీలు గురించి యాజమాన్యంతో మాట్లాడుకోవచ్చనీ అన్నారు. మా ఆఫీసుకి క్రెష్ కాగితం మీద ఉంది. మా ఇంటి నుంచి పదకొండు కిలోమీటర్లు, అదీ ఆఫీసుకి ఎదురు దిక్కున. వారానికి రెండు రోజులైనా ఇంటి నుంచి చేస్తానని నేను హెచ్చార్‌కి ఒక్క మెయిల్ కూడా పెట్టలేదు. ఒప్పుకునేవాళ్లో కాదో, నేను అడిగుండాల్సింది.

ఇంటి నుంచే ముగ్గురు క్లయింట్ల పని పట్టుకున్నాను. మొత్తం నెలకి 30,000. వృత్తి ఫీజు కింద పది శాతం టీడీఎస్ పోతే చేతికి 27,000. ఆ మూడు వేలు రిటర్న్ వేశాక వెనక్కొస్తాయి కానీ, పాలవాడు అంతకాలం ఆగడు. కంపెనీ ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్ పోయింది. కంపెనీ పీఎఫ్ వాటా నెలకి 2,160 పోయింది. ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను: పీఎఫ్ డబ్బు ముట్టుకోలేదు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుందని పదిమందికి చెప్పిన నోరు కదా.

నవంబరు 13న పాపకి జ్వరం. పీఎఫ్, ఈఎస్ఐ కట్టడానికి ప్రతి నెలా 15 ఆఖరు తేదీ. ఆ తేదీ నాకు నిద్రలో కూడా తెలుసు. అయినా ఒక క్లయింటుది 18న కట్టించాను. లక్షా నలభై వేల మీద మూడు రోజులకి ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ 138 రూపాయలు. దాని పైన డామేజీ వేరే. నేనే ఇచ్చుకుంటానన్నాను. ఆయన మర్యాదగానే, "పర్లేదమ్మా, పాపని చూసుకోండి" అన్నాడు. మరుసటి నెల ఆ పని వేరేవాళ్లకి ఇచ్చాడు.

ఆ 15 దాటిన మర్నాడు మొదలైనవే పెన్సిలు గీతలు. నెలాఖరుకి 58 వచ్చాయి, అంటే 29 గంటలు. ఆ పదిహేను రోజుల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నది 75 గంటలు. పదిహేను వేల సంపాదనని 75తో భాగిస్తే గంటకి 200. నిజానికి పని జరిగింది 29 గంటల్లోనే కాబట్టి, ఎవరూ కదిలించని గంట విలువ 517. మిగతా 46 గంటలు 'అమ్మా, నీళ్లు', 'అమ్మా, ఇటు చూడు', కుక్కరు విజిలు, కొరియర్ బెల్లు. అటు పనీ కాలేదు, ఇటు పాపతో ఆడిందీ లేదు.

డిసెంబరులో ఒక రాత్రి పదకొండున్నరకి ఒక ఉద్యోగి సెటిల్‌మెంటు చేస్తున్నాను. అయిదేళ్ల రెండు నెలల సర్వీసు. ఆఖరి బేసిక్‌ని 15తో గుణించి, 26తో భాగించి, ఏళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ. ఫార్ములా అక్కడే ఉంది, పక్క గడి ఖాళీగా ఉంది. నా బేసిక్ 18,000 కొట్టాను. ఏళ్లు 5. యాభై ఒక్క వేల తొమ్మిది వందల ఇరవై మూడు. నేను మానేసింది నాలుగేళ్ల రెండు నెలలకి. ఇంకో పది నెలలు నిలబడి అయిదేళ్లు నింపితే వచ్చేది. ఆ పది నెలల క్రెష్ ఫీజు యాభై వేలు. భారమనుకుని ఏ ఫీజుకి భయపడ్డానో, దాన్ని ఆ గ్రాట్యుటీయే కట్టేసి పైన 1,923 రూపాయలు చేతిలో పెట్టేది. ఆ గడి చెరిపేశాను. క్లయింటు షీటు కదా.

మర్నాడు కొత్త కాగితం మీద అంతా మళ్లీ రాసి మా ఆయన ముందు పెట్టాను. రోజంతా కాకుండా పొద్దున నాలుగు గంటలే ఉంచితే క్రెష్ 3,500. నెలకి 22 రోజులకి 88 గంటలు, గంటకి దాదాపు 40 రూపాయలు. ఆయన కాసేపు చూసి, "ఇది నీ పక్కన ఎందుకు రాశావ్? అద్దె పక్కన రాయి" అన్నాడు. ఇంత తేలిగ్గా అంటాడని తెలిస్తే ఏప్రిల్లోనే చూపించేదాన్ని. అత్తయ్యకి ఫోన్లో చెప్తే, "డబ్బులిచ్చి పిల్లని పరాయివాళ్ల దగ్గర పెట్టడమేంటమ్మాయ్, నేను లేనూ?" అంది. ఆ మోకాళ్లతోనే.

జనవరి నుంచి పాప క్రెష్‌కి వెళ్లింది. మొదటి వారం ఏడుపు, రెండో వారం టాటా కూడా చెప్పలేదు. ఫిబ్రవరికి పోయిన క్లయింటు స్థానంలో ఇద్దరు వచ్చారు. ఇక్కడో తమాషా. పాత పన్ను విధానంలో ప్లేస్కూల్ ట్యూషన్ ఫీజుకి 80సీ మినహాయింపు వర్తించేది, క్రెష్ ఫీజుకి వర్తించేది కాదు. రెండు చోట్లా పిల్లలు చేసేది ఆడుకోవడం, అన్నం కింద పోయడం.

ఇప్పుడు ఒకటో తరగతి. మూడున్నరకి వస్తుంది. ఆ తర్వాత అయిదున్నర దాకా లాప్‌టాప్ తెరవను. ఆ రెండు గంటలకి వచ్చే పని నేను ఒప్పుకోను. నెలకి ఎంత వదులుకుంటున్నానో కూడా తెలుసు, రాసుకున్నాను. ఏప్రిల్ 24 నుంచి వేసవి సెలవులు, బడి మళ్లీ జూన్ 12న. ఏడు వారాలు. ఇంటి పద్దులో అద్దె కింద 'సెలవులు' అని ఒక వరుస ముందే రాసి పెట్టాను. అంకె ఇంకా వేయలేదు. తెనాలి పంపుదామంటాడు ఆయన.