ఇసుకలో కర్ర

ఈ చేతికర్ర మనవరాలు కొనిచ్చింది. కింద నల్ల రబ్బరు తొడుగు. నున్నటి గచ్చు మీద బాగానే ఉంటుంది గానీ, మైపాడు తీరం ఇసుకలో జానెడు దిగిపోతుంది. అడుగు వేయడం, పీక్కోవడం. పక్కన అల వచ్చి గుంట పూడ్చిపోతుంది.

వారానికి 150 నిమిషాలైనా వడిగా నడవడం లాంటి శ్రమ చేయాలని, 65 దాటినవాళ్లు మూడు రోజులైనా తూలకుండా నిలదొక్కుకునే కసరత్తులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. ఇసుక ఆ రెండోది అడక్కుండానే చేయిస్తుంది.

పడవ నీడలో ఒక పెద్దాయన వల బాగుచేస్తున్నాడు. వేటకు పోవడం మానేసి చాలా ఏళ్లయిందట. వల కొస కాలి బొటనవేలికి తగిలించి, తెగిన కన్ను తడిమి పట్టుకుని ముడి వేస్తున్నాడు. చూపు ఆనుతున్నట్టు లేదు. వేళ్లే చూస్తున్నాయి.

"ఎవరిదన్నా ఈ వల?"

"ఎవురిదైతే ఏందయ్యా, చినిగుండాది గదా!"

నాన్న గుర్తొచ్చాడు. షుగరు, బీపీ, వేళకు మాత్రలు, ఏదీ తప్పనివ్వలేదు మేము. సాయంత్రం అరుగు మీద పేకాడే నలుగురూ ముగ్గురై, ఇద్దరై, చివరికి ఆయనొక్కడే ముక్కలు పరుచుకు కూర్చుంటే మాత్రం, కాలక్షేపంలే అనుకున్నాం. ఒక్క ఆట ఆడదాం రమ్మని నన్ను రెండుసార్లు పిలిచాడు కూడా. బస్సు టైమైందన్నాను.

"కూసో, ఈ కొస పట్టుకో" అన్నాడు పెద్దాయన. కర్ర పక్కన పెట్టాను. వల ఇంకా తడిగానే ఉంది, ఉప్పు వాసన.