కారు క్రింది పచ్చని నీరు

గడచిన పుష్యమాసములో ఒకనాటి ఉదయమున మేము వాకిట ముగ్గు పెట్టుచుండగా, మా రెండేండ్ల మనుమరాలు అచ్చట నిలిపియున్న కారు క్రిందికి చేయి చాచి, నేలపై నిలిచిన పచ్చని నీటిలో వ్రేలు ముంచి, ఆ వ్రేలిని నోటికడకు కొనిపోవుచుండెను. ముగ్గుగిన్నె యెక్కడ విడిచితిమో యెరుగము. పరుగున పోయి చేయి పట్టుకొంటిమి. వ్రేలింకను పెదవులను తాకలేదు. కుళాయి క్రింద సబ్బుతో మూడుమారులు కడుగుచుండగా పిల్ల గ్రుక్కపట్టి యేడ్చెను. దాని దోషమేమున్నది? ఆ నీరు చూచుటకు వట్టివేళ్ళ షర్బత్తువలెనే యుండెను.

ఆ నీరు మాకు క్రొత్తది కాదు. రెండు నెలలుగా మావారు ప్రతి ఆదివారమును కారు ముందు మూత యెత్తి, అందలి తెల్లని ప్లాస్టికు డబ్బాలో తగ్గినంత మేరకు చెంబుతో బోరునీరు పోయుచునే యుండిరి. మంచినీళ్ళ కుండ నింపినట్లే యదియు మా యింటి పనులలో నొకటియై కలిసిపోయినది. తగ్గిన నీరు ఎక్కడికి పోవుచున్నదని వారును అడుగలేదు, మేమును అడుగలేదు. ఆనాడు అడుగక తప్పలేదు.

ఇంజను వేడిని తొలగించుటకై పోయు ఈ ద్రవమును కూలెంటు అందురు. రమారమి సగము నీరు, సగము ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవము, త్రుప్పు పట్టకుండ కొన్ని మందులు, కొంత రంగు. ఇదియే సాధారణముగా దాని కూర్పు. ఈ ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండును. అదియే దాని ద్రోహము. చేదైనదానిని బిడ్డ ఉమిసివేయును. తియ్యనిదానిని మరల నాకును. కుక్కలును పిల్లులును అట్లే నాకి ప్రాణములు పోగొట్టుకొనుచుండును. కడుపులోనికి పోయిన పిమ్మట మన కాలేయమే దానిని ఆమ్లములుగా మార్చును. వానిలో నొకటియగు ఆక్సాలికామ్లము కాల్షియముతో కలిసి మూత్రపిండములలో సన్నని పలుకులుగా పేరుకొనును. మొదటి గంటలలో మత్తు, తూలుట, వాంతి మాత్రమే కన్పట్టును. నిద్ర వచ్చుచున్నదనుకొని తల్లి బిడ్డను పండుకొనబెట్టిన నింక చెప్పవలసిన దేమున్నది? 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశమున, ఈ పదార్థమును దీని దాయాదియగు డైఇథిలీన్ గ్లైకాలును కలిసిన దగ్గుమందులు త్రాగి, సుమారు 70 మంది పసిబిడ్డలు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ వార్త చదివి కన్నీరు పెట్టుకొన్న మేమే ఆ పదార్థమును వాకిట చిందనిచ్చితిమి.

బిడ్డ దీనిని త్రాగినదేమో యను అనుమానము కలిగినను చాలును, ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపవలదు; తెల్లవారనిమ్మని కూర్చుండవలదు. ఆ ద్రవపు సీసాను చేతబట్టుకొని వెంటనే ఆస్పత్రికి పోవలెను. విరుగుడు మందులు కలవు. కాని అవి తొలి గంటలలో నిచ్చిననే అక్కరకు వచ్చును.

ఆ మధ్యాహ్నమే మావారు కారును మరమ్మతు దుకాణమునకు తోలుకొని పోయిరి. సాయంకాలము తిరిగివచ్చి, ముఖము వ్రేలవైచుకొని కూర్చుండిరి. మేస్త్రీ బానెట్టు ఎత్తి అన్ని గొట్టములను చూచెననియు, ఎక్కడను తడి కానరాలేదనియు, కావున ఇంజనే లోలోపల నీటిని త్రాగివేయుచున్నదనియు, దానిని విప్పి హెడ్డు గాస్కెట్టు మార్పవలసి యుండుననియు, రూ. 30,000 వరకు ఖర్చగుననియు చెప్పిరి. "బయట కారనిది లోపలనే పోవలెను గదా!" అని వారి తర్కము. మా కోడలు ఉయ్యాల యూపుచు, "లోపలనే త్రాగివేయుచున్నచో, వాకిట నున్న పచ్చనీ రెవరిది మామయ్యగారూ?" అనెను. ఆ ప్రశ్నకు వారియొద్ద సమాధానము లేకపోయినది.

ఇచట ఇంజను సంగతి కొంత చెప్పవలెను. ఇది మన వంటింటి జ్ఞానమునకు లొంగని విషయము కాదు. నీరు ఇంజను చుట్టు తిరిగి వేడెక్కి, పై గొట్టము గుండ రేడియేటరునకు వచ్చి, సన్నని నాళములలో పారి గాలికి చల్లబడి, క్రింది గొట్టము గుండ మరల ఇంజనునకు పోవును. ఈ త్రిప్పటకు ఒక పంపు కలదు. మూతకు కుక్కరు మూతవలె స్ప్రింగు కలదు. లోపల ఒత్తిడి పెరుగుటచే నీరు నూరు డిగ్రీలు దాటినను మరగదు. కావుననే ఇంజను వేడిగా నున్నపుడు ఆ మూతను త్రిప్పరాదు. ఆవిరి పోకముందే కుక్కరు మూత లాగినచో ఏమగునో మనకెవ్వరును చెప్పనక్కరలేదు గాని, పురుషులకు చెప్పవలెను. మా మరిది యొకమారు విజయవాడ దారిలో తొందరపడి ఆ మూత త్రిప్పి, ముంజేయి యంతయు కాల్చుకొనెను. ఆ మచ్చ నేటికిని మానలేదు.

కారుచున్న చోటు కనుగొనుటకు మేము వాడిన సాధనము ఒక పాత అట్టపెట్టె. దానిని విప్పి పరచి, కారు ముందు చక్రముల నడుమ నేలపై ఉంచి, చక్రములున్న చోట బొగ్గుతో గీతలు గీచితిమి. ఉదయమున తీసి చూడగా ఎడమ చక్రమునకు జానెడు లోపలగా పచ్చని మరకలు ఆరు కన్పట్టెను. ఏ మరక దేనిదో రంగును బట్టియే కొంతవరకు తెలియును. రంగు, వాసన లేని వట్టి నీరైనచో అది ఏసీ యంత్రము విడిచిన నీరు, దానికి భయపడనక్కరలేదు. నల్లగానో గోధుమరంగుగానో జిడ్డుగా నున్నచో ఇంజను నూనె. పచ్చగాగాని, ఎర్రగాగాని, నీలముగాగాని యుండి తీపివాసన కొట్టుచు, వ్రేళ్ళనడుమ కొంచెము జారుడుగా నున్నచో కూలెంటు. (ముట్టి చూచిన వ్రేళ్ళను కడుగుకొనుట మరువరాదు, నాలుకతో పరీక్షించుట యెంతమాత్రము కూడదు.) నేలపై ఏమియు లేక, కారులోపలనే తీపివాసన వచ్చుచు, ముందరి అద్దము లోపలివైపున పొగమంచు పట్టినట్లు మసకబారుచు, కాళ్ళక్రింది పట్టా తడియగుచున్నచో, లోపల వేడిగాలి నిచ్చు హీటరు కారుచున్నదని గ్రహింపవలెను.

మేస్త్రీ చెప్పినదానిని మేము కొట్టివేయలేదు. గాస్కెట్టు చెడిన గుర్తులు కొన్ని కలవు. నూనె కొలుచు కడ్డీని లాగి చూచినపుడు నూనె చిలికిన మజ్జిగవలె తెల్లబారియుండును; ఇంజను వేడెక్కిన తరువాతను వెనుక గొట్టమునుండి తీపివాసనగల తెల్లని పొగ వచ్చుచునే యుండును; నీళ్ళడబ్బాలో ఎడతెగక బుడగలు పొంగుచుండును. మా కారున ఆ మూడింటిలో నొక్కటియు లేకుండెను. ఉండినచో మేము చేతులు కట్టుకొని ఆ రూ. 30,000 చెల్లించియుండెడివారమే. అది యింటిలో చేయదగిన పని కాదు.

మరునాడు తెల్లవారకమునుపే, కారు కదలకముందు, కొంగు నడుమున బిగించి బానెట్టు ఎత్తి టార్చిలైటు వేసి చూచితిమి. రేడియేటరు అడుగునుండి పోవు క్రింది గొట్టపు మూతియొద్ద, దానిని బిగించిన ఇనుపపట్టీ అంచున, ఒక పచ్చని బొట్టు వ్రేలాడుచుండెను. మేము చూచుచుండగనే జారిపడెను. ఆ పట్టీ చుట్టును, బోరునీటి కుళాయి మూతికి ఉప్పు పేరుకొన్నట్లుగా, తెలుపు పచ్చ కలిసిన పెట్టు కట్టియుండెను. పగటిపూట మేస్త్రీకి తడి కనబడకపోవుటకు కారణమును అపుడు తెలిసినది. పదేండ్ల రబ్బరు గట్టిబడి సాగుటను మరచినది. రాత్రి చలికి రబ్బరును లోహమును ఒకే తీరున ముడుచుకొనవు గనుక నడుమ వెండ్రుకవాసి సందు ఏర్పడి, బొట్టుబొట్టుగా కారును. ఇంజను వేడెక్కగనే రబ్బరు ఉబ్బి ఆ సందును మూయును. పడిన తడి వేడికి ఆరిపోవును. మావారు కారును మధ్యాహ్నమున ఐదు మైళ్ళు నడిపి తీసికొనిపోయిరి. మేస్త్రీ అబద్ధమాడలేదు. అతడు చూచినవేళ అది నిజముగనే కారుటలేదు. మనుష్యునకు వణకు వచ్చు వేళకు వైద్యుని పిలువవలెను గాని, తగ్గిన తరువాత పిలిచిన నేమి ప్రయోజనము?

ఇక మరమ్మతు. అదే కారునకు తగిన క్రొత్త గొట్టము, రెండు పట్టీలు, నీరు కలిపి సిద్ధముగా నమ్ము కూలెంటు నాలుగు లీటర్లు తెప్పించితిమి. అన్నియు కలిసి రూ. 2,000 దాటలేదు. కూలెంటులు అన్నియు నొకటి కావు. జాతి వేరైనవానిని కలిపినచో కొన్ని జిగురుగా పేరుకొనును. కావున కారుతో వచ్చిన పుస్తకములో చెప్పినదానినే కొనవలెను. మావారు పోసిన బోరునీరు ఆ ద్రవమును పలుచన చేయుటయే గాక, టీ కాచు గిన్నెలో వలె లోపల సున్నపుపొర పట్టించునదే. అందుచే పాతది పూర్తిగా తీసివేయ నిశ్చయించితిమి.

రాత్రియంతయు చల్లబడిన ఇంజనుపైననే పని మొదలుపెట్టితిమి. మా కారున ఆ గొట్టము పైనుండియే చేతికి అందినది. అందనిచో, జాకీపై నిలిపిన కారు క్రిందికి ఎవ్వరును దూరరాదు. బ్యాటరీ తీగె విప్పించి, గాజులు తీసి, జడ ముడివైచుకొంటిమి. రేడియేటరు వెనుక పంకా కొన్ని కార్లలో ఇంజను ఆపియున్నను తనంతట తాను తిరుగును. మరల వంటింటికి రాకూడని ఒక పాత బేసిను క్రింద నుంచి, మూత తీసి, పట్టీ వదులు చేసి, గొట్టమును మెల్లగా మెలిత్రిప్పి ఊడదీసితిమి. చివర నొక్కి చూడగా గొట్టపు అంచున బీటలు వారియుండెను. ప్లాస్టికు మూతిని తడిగుడ్డతో తుడిచి, క్రొత్త గొట్టమునకు మొదట పట్టీ తొడిగి, తరువాత గొట్టమును చివరివరకు త్రోసి బిగించితిమి. ఈ బిగింపులో మా కోడలు మమ్ము వారించినది. పచ్చడి జాడీ మూతవలె బలముకొలది త్రిప్పినచో ప్లాస్టికు మూతి పగులును. స్క్రూడ్రైవరు అడ్డము తిరుగువరకు చాలును. మావారు టార్చిలైటు పట్టుకొని, సలహాలు చెప్పిరి.

తీగె మరల తగిలించి, కూలెంటును మెల్లగా పోసి, మూత బిగింపక ఇంజను నడిపి, హీటరు పూర్తిగా త్రిప్పియుంచితిమి. లోపల చిక్కిన గాలి బుడగలుగా వెలువడుకొలది మట్టము తగ్గును, తగ్గినంత పోయవలెను. పై గొట్టము చేతికి వేడి తగులగానే ఇంజను ఆపి, మూత బిగించి, పూర్తిగా చల్లారిన పిమ్మట డబ్బాలోని రెండు గీతల నడుమ మట్టము నిలుచునట్లు చూచితిమి. ఈ గాలి తీయు పని కొన్ని కార్లలో వేరుగా నుండును. అదియు పుస్తకములో వ్రాసియుండును.

వాకిట చిందినదానిపై ఇసుక చల్లి, ఆ ఇసుకను ఎత్తి సంచిలో కట్టి, తరువాత నేల కడిగితిమి. బేసినులోని పాత ద్రవమును కాలువలో పారబోయుటకు మనసొప్పలేదు; ఆ కాలువలో ఆవులు నీరు త్రాగును. డబ్బాలో పోసి, "విషము" అని పెద్ద అక్షరములతో వ్రాసి, వాడిన ద్రవములను పుచ్చుకొను దుకాణమునకు అప్పగించితిమి. మిగిలిన క్రొత్త సీసా తాళము వేసిన అలమారులో పై అరయందున్నది.

అట్ట నేటికిని కారు క్రిందనే పరచియున్నది. ప్రతి ఉదయమును ముగ్గు పెట్టుటకు ముందు మేము వంగి చూచుచున్నాము. నలువది దినములుగా అది పొడిగనే యున్నది. మనుమరాలు మాత్రము తన వంతుగా దానిపై బొగ్గుతో మరికొన్ని చక్రములు గీచినది.