కుక్క భాషయు మన భాషయు

మదురైకి నైరృతి దిక్కున రాజపాళయమను పట్టణము కలదు. విజయనగర కాలమున ఆంధ్రదేశమునుండి వచ్చిన రాజుల సంతతివారు అచ్చట నేటికిని ఇండ్లలో తెలుగు పలుకుచున్నారు. ఆ యూరి పేరుతో ప్రసిద్ధిగన్న తెల్లని కుక్కజాతి చిత్రముతో 2005వ సంవత్సరమున భారత తపాలాశాఖ ఒక బిళ్ళను వెలువరించినది.

ఆ జాతికుక్కను ఒంటరిగా తోటకావలికి కట్టివేసినయెడల దానికి మొరుగుటయే భాష యగును. అదియే ఇంటివారి నడుమ తిరుగాడుచు పెరిగినచో, మూసిన తలుపును మన మొగమును మార్చి మార్చి చూచి తన కోరిక తెలుపును. ఇక వీధికుక్క సంగతి: మనము నేలకు వంగినంతనే రాయి యెత్తుచున్నామని పరుగిడును. మన దేహపు కదలికను అదియు గ్రహించుచునే యున్నది. కాని మనము దానికి నేర్పిన పాఠము అదియే.

వీధికుక్కకు గ్రహణశక్తి కొఱవడలేదు. కోల్‌కతాలోని ఐసర్ సంస్థ శాస్త్రజ్ఞులు వీధికుక్కల యెదుట మూతపెట్టిన రెండు గిన్నెలుంచి, ఒకదానిని వ్రేలితో చూపిరి. 2020లో ప్రకటితమైన ఆ పరిశోధనలో సుమారు సగము కుక్కలు బెదరి దగ్గరకే రాలేదు. వచ్చినవానిలో నూటికి 80 వరకు సైగను అనుసరించినవి. వానికి ఆ సైగ నెవ్వరును నేర్పియుండలేదు. శక్తి యున్నను, బెదరు దానిని వెలికి రానీయదు.

ఈ సంగతి చదివినపుడు మాకు మన బాలబాలికలు జ్ఞప్తికి వచ్చిరి. ఈ పోలికకు వారు కోపింపరాదు. మేము పోల్చునది పరిస్థితిని మాత్రమే. కోయంబత్తూరు, మదురై ప్రాంతముల పాత తెలుగు కుటుంబములలో అవ్వ చెప్పునది పిల్లలకు తెలియును. బదులు మాత్రము తమిళమున వచ్చును. తెలుగున నోరు విప్పినపుడు యాస చూచి ఎవరో నవ్వియుందురు. బదులుకై యెదురుచూచినవారు లేకుండిరి.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. బిడ్డ తెలుగున తడబడినను నవ్వక, వాక్యము ముగియువరకు ఓపికతో వినుడు. బాలలారా! తెలియని కుక్కను తాకవలదు, దానిపై రాయియు విసరవలదు. నెమ్మదిగా ప్రక్కనుండి సాగిపొండు.