దొరికిన చోటు రాసుకున్నవాళ్లు

పోయిన వారం కృష్ణగిరి జిల్లా డెంకణికోట నుంచి మా చిన్నాయన కొడుకు ఒక పాత వీడియో పంపాడు. 2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద క్యాప్సూల్ ఒకటి దిగినప్పుడు తీసింది. మనుషుల్ని బెలూన్‌తో పైకి తీసుకెళ్లాలనుకుంటున్న హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రంతో కలిసి ఖాళీగా ఎగరేసి చూసిన క్యాప్సూల్ అది. వీడియోలో మాట్లాడే గొంతు ఆ సంగతి పట్టించుకోదు. జనం ఎగబడ్డారంటుంది, ఏలియన్లు దిగారనుకున్నారంటుంది, నవ్వుతుంది. నాకు ఒళ్లు మండింది. ఆకాశం నుంచి అంత వస్తువు చేలోకి దిగితే చూడ్డానికి పోనివాడెవడు? అది ఎటునుంచి వచ్చిందో, ఎంత పొద్దుకు దిగిందో, ఎవరి చేలో పడిందో ఆ జనానికే తెలుసు. వీడియో మొత్తంలో వాళ్లను ఒక్క ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

నేనుండేది టెక్సస్‌లో. ఇక్కడి తూర్పు జిల్లాల వాళ్లకు ఆకాశం నుంచి వస్తువులు పడడమంటే ఏమిటో నాకంటే బాగా తెలుసు. 2003 ఫిబ్రవరి 1 శనివారం, ఉదయం ఎనిమిది గంటల వేళ, ఇంకో పదహారు నిమిషాల్లో ఫ్లోరిడాలో దిగాల్సిన కొలంబియా షటిల్ వీళ్ల నెత్తిన విరిగిపోయింది. అందులో మన కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురున్నారు. ముక్కలు నాకడోచెస్, శాన్ అగస్టీన్, హెంప్‌హిల్ ఊళ్ల మీదుగా లూసియానా దాకా పడ్డాయి. అదంతా పైన్ అడవి, ముళ్ల పొదలు, చిత్తడి. ప్రతి ఫిబ్రవరిలోనూ మనవాళ్లు కల్పన ఫొటో పెట్టి నివాళి రాస్తారు, రాయాలి కూడా. ఆమెనూ ఆమె తోటివాళ్లనూ వెతికి తెచ్చిన ఊళ్ల గురించి మాత్రం ఎవరూ ఒక వాక్యం రాయరు.

మొదటి గంటల్లో ఇక్కడి అధికారులు ముట్టుకోవద్దు, దగ్గరికి పోవద్దు అనే చెప్పారు. షటిల్‌లోని ఇంధనాలు విషం కాబట్టి ఆ మాట సబబే. కానీ ఫోన్లు ఆగలేదు. మా పెరట్లో ఒకటి, బడి దగ్గర ఒకటి, గడ్డి మైదానంలో ఒకటి అంటూ చెబుతూనే ఉన్నారు. అన్నిచోట్లకూ పోయి చూడ్డానికి పోలీసులు చాలరు. అప్పుడు అక్కరకొచ్చింది చేతిలో జీపీఎస్ ఉన్న మనిషి. నాకడోచెస్‌లోని స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో అడవుల శాస్త్రం చెప్పే అధ్యాపకులు, వాళ్ల విద్యార్థులు పరికరాలు పట్టుకుని బయల్దేరారు. వాళ్లతోపాటు జీపీఎస్‌తో వెతుకులాట ఆడే మామూలు అభిరుచివాళ్లు కూడా ముందుకొచ్చారు.

ఆ అభిరుచికి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. 2000 మే నెల మొదలయ్యేదాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేది. వంద మీటర్ల దాకా తప్పు చూపేది. క్లింటన్ దాన్ని తీసేయించగానే తప్పు పది, ఇరవై మీటర్లకు దిగింది. ఆ వారంలోనే ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో ఒక బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు ప్రకటించి, వెతకండన్నాడు. జియోకాచింగ్ అట్లా పుట్టింది. సెలవురోజు పిల్లల్ని తీసుకుని అడవిలో డబ్బాలు వెతికే ఆ ఆట కొలంబియా కూలిన రోజుకు సరిగ్గా కావలసిన చదువైంది. చెట్ల కింద సంకేతం ఊగుతుందని, నిలకడగా వచ్చేదాకా ఆగి రాసుకోవాలని ఆ ఆటవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ పద్ధతిలో రాశామో పక్కన రాయాలని కూడా తెలుసు.

ఆ చివరి సంగతి ఎంత పెద్దదో మన ఊరి లెక్కలో చెబుతాను. కృష్ణగిరి పట్నం అక్షాంశం 12.53 డిగ్రీలు. దాన్ని ఎవరైనా 12 డిగ్రీల 53 నిమిషాలని చదివితే దాదాపు నలభై కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. కృష్ణగిరిలో పడిన ముక్క కోసం కోలారు జిల్లాలో వెతుకుతారు.

చోటు ఎందుకంత ముఖ్యమంటే, ముక్క ఏమిటన్నదెంతో అది ఎక్కడ పడిందన్నదీ అంతే సాక్ష్యం. బరువును బట్టి, ఆకారాన్ని బట్టి ప్రతి ముక్కా గాలిలో ఎంత దూరం పోతుందో లెక్కగట్టవచ్చు. ఎడమ రెక్క ముక్కలు పడమర పక్కన ఎక్కువగా దొరికాయి, అంటే అవి ముందుగా ఊడాయి. అన్నిటికంటే పడమర దొరికినది లిటిల్‌ఫీల్డ్ అనే ఊరి దగ్గర పడిన ఒక పలక. మార్చి 19న హెంప్‌హిల్ పక్క అడవిలో వరుసకట్టి నడుస్తున్న అగ్నిమాపక జట్టుకు షటిల్ కొలతలు నమోదుచేసే ఓఈఎక్స్ రికార్డర్ దొరికింది, టేపు చెక్కుచెదరలేదు. అందులోని కొలతలూ ఎడమ రెక్కనే చూపాయి. జనవరి 16న పైకెగిరాక 82వ సెకను దగ్గర ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఆ రెక్క అంచును పగలగొట్టిందని ఆగస్టులో విచారణ సంఘం తేల్చింది. మొత్తం ఇరవై అయిదు వేల మందికి పైగా వెతికారు. దాదాపు 84,000 ముక్కలు దొరికాయి. షటిల్ బరువులో 38 శాతం. మార్చి 27న వెతుకుతున్న హెలికాప్టర్ కూలి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హెంప్‌హిల్ జనాభా వెయ్యి దాటి కొంచెం. ఆ ఊరి ఆడవాళ్లూ మగవాళ్లూ మాజీ సైనికుల హాల్లో పొయ్యిలు పెట్టి వెతికేవాళ్లకు వారాల తరబడి వండిపెట్టారు.

ఇదంతా చదివినప్పుడల్లా నాకు మొదట గౌరవం కలుగుతుంది, వెనకే రోషం. మనవాళ్లు చేయలేరా? ఇక్కడా అందరూ బంగారం కాదు, ముక్కలు దాచుకుని కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. తేడా జనంలో లేదు. చెప్పవచ్చినవాణ్ణి కూర్చోబెట్టి రాసుకున్నారా, లాఠీ చూపి పొమ్మన్నారా అన్నదాంట్లో ఉంది.

చెన్నైలో ఉద్యోగం చేసుకునే షణ్ముగ సుబ్రమణియన్ సంగతే చూడండి. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ మాట ఆగిపోయాక, నాసా బయటపెట్టిన చంద్రుడి ఫొటోలను పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూస్తూ, ఒక తెల్లటి చుక్క దగ్గర ఆగాడు. నాసాకు రాశాడు. వాళ్లు సరిచూసుకుని డిసెంబరులో ప్రకటించారు. అతను గుర్తించిన శకలాల చోటు మీద, అతను గుర్తించినవేనని తెలిసేలా, ఎస్ అని అక్షరం వేశారు. మన దగ్గర నుంచి వచ్చిన జవాబు? మా ఆర్బిటర్ ముందే కనిపెట్టిందని ఇస్రో అధ్యక్షుడు చెప్పారు. కనిపెట్టే ఉంటుంది. దానితోపాటు ఆ అబ్బాయికి ఒక మంచి మాట కలిపి ఉంటే ఇస్రో గౌరవానికి ఏం లోటు?

మా అవ్వ అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలడం గురించి చెప్పేది. 1979 జులైలో అది ఎక్కడ పడుతుందో తెలియక తెలుగు పల్లెల్లో ఉన్న కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. "రేపు ఉంటామో పోతామో, ఈ పొద్దు కడుపునిండా తిందామని అనుకుంటిమి నాయనా" అనేది అవ్వ. చివరికి అది ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ దగ్గర పడింది. ఆ ఊరి పదిహేడేళ్ల కుర్రాడు పెరట్లో దొరికిన ముక్కను శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికాఫీసుకు తీసుకెళ్లి పదివేల డాలర్ల బహుమతి గెలిచాడు. అవ్వ భయం గురించి సినిమాలు తీశాం, హాస్యం రాశాం. భయపడిన ఆ మనిషికి ఎప్పుడు, ఎక్కడ, ఏం పడవచ్చో ముందుగా కూర్చోబెట్టి చెప్పినవాళ్లెవరు?

చోటు గుర్తుపట్టి చెప్పడం మనవాళ్లకు కొత్త కాదు. రాగి కోతల కాలంలో జవలగిరి అడవికి కర్ణాటక వైపు నుంచి ఏనుగులు దిగుతాయి. మా తళి, డెంకణికోట రైతులు మంచె మీద రాత్రంతా మేలుకుని, గుంపు ఏ చెరువు దాటిందో, ఏ తోపులో ఆగిందో చీకట్లోనే చెబుతారు. చిన్నప్పుడు చిన్నాయనతో మంచె మీద ఉన్న రాత్రి "యాడుండాయి చిన్నాయనా" అని అడిగితే, కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి చూపించాడు. పొద్దున అటు పోయి చూస్తే అడుగులు అక్కడే ఉన్నాయి. ఆ మనిషి చేతికి ఒక ఫోన్ ఇచ్చి, చోటు ఎట్లా గుర్తించాలో ఒక పూట నేర్పితే ఏ విశ్వవిద్యాలయం పిల్లవాడికీ తీసిపోడు.

బెంగళూరు పక్కనున్న హోసకోట నుంచి ఖగోళ శాస్త్రవేత్తలు చిన్న బెలూన్లు ఎగరేసిన రోజులున్నాయి, గాలి అట్లాంటివాటిని ఏ పక్కకైనా తోయవచ్చు. అందుకని హోసూరు, కృష్ణగిరి మనవాళ్లకు ఒక మాట. మీ చేలో ఏదైనా దిగితే ముట్టుకోవద్దు, విప్పవద్దు. దూరం నుంచి ఫొటో తీయండి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టి, అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు, ఏ పద్ధతిలో చూపించిందో దానితో సహా రాసుకోండి, సమయం వేయండి. స్టేషన్‌కు పోయి చెప్పండి. వాళ్లు రాసుకున్న కాగితంలో చూసినవారి పేరు దగ్గర మీ పేరుందో లేదో చదివించుకుని మరీ రండి.